పుప్పొడి అంటిన ఉత్తరాలు

1862 జూలై. ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో డౌన్ అనే చిన్న పల్లె. అక్కడ ఒక ఇంట్లో పన్నెండేళ్ళ పిల్లవాడు మంచం పట్టాడు. స్కార్లెట్ జ్వరం తగ్గినట్టే తగ్గి తిరగబెట్టింది. గొంతు వాచింది, జబ్బు మూత్రపిండాలకూ పాకింది. రాత్రనక పగలనక ముప్పావు గంటకొకసారి పోర్ట్ వైన్ పట్టిస్తూ ప్రాణం నిలబెడుతున్నారు. తండ్రి ఆశ వదిలేసుకున్నాడు. ఒక సాయంత్రం వాడు ఒక్క ముద్ద తిన్నాడు. ఆ తర్వాత ఎవరూ ఊహించని ప్రశ్న అడిగాడు: నా తపాలా బిళ్ళలు భద్రంగా ఉన్నాయా? అమెరికా నుంచి ఒకాయన నీ కోసం కొత్త బిళ్ళ పంపాడు, రేపు చూద్దువుగాని అన్నాడు తండ్రి. ఇప్పుడే చూస్తానన్నాడు పిల్లవాడు. అతికష్టం మీద రెప్పలు విప్పి, దాన్ని ఒక్కసారి చూసి, తృప్తిగా ఊపిరి వదిలాడు.

ఆ పిల్లవాడి పేరు లెనార్డ్. తండ్రి చార్లెస్ డార్విన్. బిళ్ళ పంపినాయన హార్వర్డ్‌లో వృక్షశాస్త్ర ఆచార్యుడు ఆసా గ్రే. ఆయనకు రాసిన ఉత్తరంలోనే డార్విన్ ఈ సంగతంతా చెప్పాడు. గ్రే పంపిన కట్టలు కొన్ని రోజులుగా విప్పకుండా పడి ఉన్నాయనీ, కొడుకు తప్ప మరో ధ్యాస లేకపోయిందనీ రాశాడు. పిల్లలే మనిషికి అన్నిటికంటే పెద్ద సంతోషం, చాలాసార్లు అంతకంటే పెద్ద దుఃఖం కూడా వాళ్ళేనన్నాడు. శాస్త్రవేత్తకు పిల్లలు ఉండకూడదు, బహుశా భార్య కూడా ఉండకూడదు, అప్పుడిక ఈ లోకంలో బెంగపడాల్సినది ఏదీ మిగలదు కాబట్టి గొడ్డులా పనిచేసుకోవచ్చని కూడా అన్నాడు. అలా నిజంగా పనిచేస్తాడా అన్నది వేరే సంగతి అని పక్కనే చేర్చాడు.

ఈ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. బళ్ళో మాకు చెప్పిన డార్విన్ గడ్డం, కోతి బొమ్మ, ఓడ ప్రయాణం. పిల్లవాడి మంచం పక్కన కూర్చుని తపాలా బిళ్ళ చూపించే డార్విన్ సంగతి మాకెవరూ చెప్పలేదు. ఆ తర్వాత ఆయన ఉత్తరాలు వెతికి వెతికి చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ ఒక సంగతి బలంగా తట్టింది. ఆయన పూల గురించి అడిగిన ప్రశ్నా, పిల్లల గురించి పడిన బెంగా వేరువేరు కావు.

డార్విన్ రాసినవీ, ఆయనకు వచ్చినవీ కలిపి సుమారు 15,000 ఉత్తరాలు దొరికాయి. దాదాపు 2,000 మందితో ఆయనకు ఉత్తర ప్రత్యుత్తరాలు నడిచాయి. 1974లో ఫ్రెడరిక్ బర్‌కార్ట్ అనే పండితుడు వాటిని సేకరించి అచ్చువేసే పని మొదలుపెడితే, 30 సంపుటాలు పూర్తయ్యేసరికి దాదాపు అర్ధ శతాబ్దం పట్టింది. ఆరోగ్యం బాగాలేక డార్విన్ ఊరు కదిలేది తక్కువ. ప్రపంచమే తపాలాలో ఆయన ఇంటికి వచ్చేది. కవర్లలో ఎండిన పుప్పొడి, పెట్టెల్లో పూలు, వాటి వెంట ఎవరికి జలుబు చేసింది, ఎవరికి బిడ్డ పుట్టింది అనే కబుర్లు కూడా. లండన్ దగ్గరి క్యూ తోటల నుంచి స్నేహితుడు, వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ హుకర్ ఆర్కిడ్లు పంపుతాడు, జవాబులో డార్విన్ ఆ పువ్వు లోపలి అమరికను వర్ణిస్తాడు, అదే కాగితం మీద ఇద్దరూ పిల్లల ఆరోగ్యం అడిగి తెలుసుకుంటారు.

ఇంట్లో పిల్లలే ఆయన సహాయకులు. మగ తుమ్మెదలు ఏటా ఒకే దారిన, అవే పొదల దగ్గర ఆగుతూ ఎగురుతాయని గమనించి, దారి పొడవునా ఒక్కో పిల్లను ఒక్కోచోట నిలబెట్టాడు. తుమ్మెద తన దగ్గరికి రాగానే ఆ పిల్ల కేకవేయాలి. పెద్దకొడుకు విలియం సౌతాంప్టన్‌లో బ్యాంకు వ్యాపారి. పని ముగిశాక మైక్రోస్కోపు కింద లిత్రమ్ అనే మొక్క పుప్పొడి రేణువులు కొలిచి తండ్రికి ఉత్తరం రాసేవాడు.

ఆర్కిడ్ల మీద డార్విన్ పని చాలావరకు 1861 వేసవిలో టార్కీ అనే సముద్రతీరపు ఊళ్ళో సాగింది. ఆ ఊరికి వెళ్ళింది పూల కోసం కాదు. కూతురు హెన్రియెట్టా చాలాకాలంగా జబ్బుతో ఉంది, గాలి మార్పు కోసం తీసుకెళ్ళారు. అలాంటి రోజుల్లో ఆయన చేసిన ఒక చిన్న పరీక్ష ఉంది. ఇది ఎవరైనా చేసి చూడవచ్చు. చెక్కిన పెన్సిలు మొనను ఆర్కిస్ జాతి పువ్వు గొంతులోకి నెమ్మదిగా దూర్చి బయటికి తీస్తే, పుప్పొడి ముద్దలు చిన్న కాడతో సహా పెన్సిలుకు అంటుకుని వస్తాయి. మొదట అవి కొమ్ముల్లా నిటారుగా నిలబడి ఉంటాయి. అలాగే ఇంకో పువ్వులోకి దూరిస్తే, మళ్ళీ పుప్పొడి ఉండే చోటే తగులుతాయి, ఫలితం లేదు. కానీ కాసేపు ఆగి చూడాలి. సుమారు 30 సెకన్లలో ఆ కాడ తనంతట తాను ముందుకు వంగుతుంది. ఇప్పుడు పెన్సిలును పువ్వులో పెడితే పుప్పొడి సరిగ్గా కీలాగ్రానికి తగులుతుంది. తేనెటీగ ఒక పువ్వు విడిచి ఇంకో మొక్క పువ్వు చేరడానికి ఆ కాస్త సమయం సరిపోతుంది. అంటే తన పుప్పొడి తనకే అంటకుండా, పరాయి మొక్కకు చేరేలా ఆ పువ్వు గడియారం కట్టుకుని కూర్చుంది.

1862 జనవరిలో జేమ్స్ బేట్‌మన్ అనే ఆర్కిడ్ల ప్రేమికుడు డార్విన్‌కు మడగాస్కర్ ఆర్కిడ్ ఒకటి పంపాడు. తెల్లటి నక్షత్రం లాంటి పువ్వు. దాని వెనక పదకొండున్నర అంగుళాల సన్నటి గొట్టం, దాని అడుగున ఒకటిన్నర అంగుళాల మేర మాత్రమే తేనె. దీన్ని తాగాలంటే పది పదకొండు అంగుళాల నాలుక ఉన్న చిమ్మట ఎక్కడో ఉండి తీరాలన్నాడు డార్విన్. నమ్మని వాళ్ళు చాలామంది. 1903లో, ఆయన పోయిన 21 ఏళ్ళకు, ఆ చిమ్మటను శాస్త్రవేత్తలు వర్ణించి నమోదు చేశారు.

ఆయన చెప్పినవన్నీ ఒప్పే కాలేదు. ఆక్రొపెరా అనే ఆర్కిడ్ విషయంలో, తన దగ్గరున్నవి మగ మొక్కలేనని ఆర్కిడ్ల మీద రాసిన పుస్తకంలో చెప్పాడు. 1862 నవంబరులో ఎడింబరో తోటలో పనిచేసే జాన్ స్కాట్ అనే తోటమాలి, ఆ పూలలోనే తాను కాయలు కట్టించానని ఉత్తరం రాశాడు. పేరున్న పండితుడి తప్పును ఒక తోటమాలి ఎత్తిచూపితే ఆయన ఏం చేశాడు? సంతోషించాడు, ప్రశ్నలు పంపాడు, అతని వ్యాసం లండన్‌లోని లిన్నేయన్ సొసైటీ అనే శాస్త్ర సంఘంలో చదివించాడు. స్కాట్ ఉద్యోగం వదులుకున్నాక ఇండియాకు ఓడ ఖర్చు తానే పెట్టుకున్నాడు. హుకర్ సాయంతో స్కాట్ కలకత్తా బొటానికల్ గార్డెన్‌లో కుదురుకుని, అక్కడి నుంచి కూడా డార్విన్ ప్రశ్నలకు జవాబులు పంపుతూ వచ్చాడు.

ఇదంతా చదువుతున్నప్పుడు నాకు మా నానమ్మ గుర్తొస్తుంది.

మా పెరట్లో గుమ్మడిపాదు ఉండేది. తెల్లవారకముందే లేచి, మంచుకు తడిసిన ఆకులు పక్కకు తప్పిస్తూ నానమ్మ పూలు వెతికేది. కింద బుల్లి పిందె ఉన్న పూలు కొన్నే, పోతుపూలు బోలెడు. ఒక పోతుపువ్వు తెంపి, రేకులు ఒలిచేసి, పసుపు అద్దినట్టున్న నడిమి కాడను పిందెపువ్వు లోపల మెల్లగా తిప్పేది. ఎండ ఎక్కితే పువ్వు ముడుచుకుంటుంది, ఆలస్యం చేయకూడదనేది. వేళ్ళకు అంటిన పుప్పొడిని చీర చెంగుకు తుడుచుకునేది. వీలైనప్పుడల్లా గోడవతల వాళ్ళ పాదు నుంచి పోతుపువ్వు అడిగి తెచ్చేది. ఎందుకు నానమ్మా, మన పాదుకే ఉన్నాయిగా అంటే, బయటి పువ్వు పెడితే కాయ గట్టిగా నిలబడుతుందిరా అనేది. ఆమెకు ఎవరు చెప్పారో తెలియదు. చేతులకు తెలిసిన విద్య.

గుమ్మడిపాదుకు గోడవతల పువ్వు తెచ్చిన మా నానమ్మ, కొడుక్కి మాత్రం తన పుట్టింటి పిల్లను తెచ్చుకుంది. మా నాన్నకు అమ్మ మేనమామ కూతురు. అమ్మకు నానమ్మ మేనత్తా, అత్తగారూ. తెలిసిన పిల్ల, ఇల్లు దాటని ఆస్తి, ముసలితనంలో చూసుకునే చేయి. నానమ్మ లెక్కలో తప్పు వెతకడానికి నాకు మనసొప్పదు. అమ్మను ఆమె ఏనాడూ కోడలిగా చూడలేదు, తమ్ముడి బిడ్డగానే చూసింది.

డార్విన్ పెళ్ళి సంగతి తెలిశాక నేను ఉలిక్కిపడింది ఇక్కడే. 1839 జనవరి 29న ఆయన పెళ్ళాడిన ఎమ్మా వెడ్జ్‌వుడ్ ఆయన తల్లి సుసానాకు స్వయానా తమ్ముడి కూతురు. మన మాటలో చెప్పాలంటే మేనమామ కూతురు, నిఖార్సైన మేనరికం. అంతకు ఏడాదిన్నర ముందే డార్విన్ అక్క కరోలిన్, ఎమ్మా అన్న జోసయాను పెళ్ళి చేసుకుంది. మన ఊళ్ళలో దీన్ని కుండమార్పిడి అంటారు. పింగాణీ పాత్రలకు పేరుపడ్డ వెడ్జ్‌వుడ్‌లు, వైద్యుల కుటుంబమైన డార్విన్‌లు. వాళ్ళ కారణాలూ మా నానమ్మ కారణాల్లాంటివే: తెలిసిన వాళ్ళు, చెదరని ఆస్తి, చిన్నప్పటి నుంచి ఎరిగిన మనసు. ఎమ్మా, చార్లెస్ ఒకరినొకరు చివరిదాకా ప్రాణంగా చూసుకున్నారు.

వాళ్ళకు పదిమంది పిల్లలు. ముగ్గురు చిన్నతనంలోనే పోయారు. మేరీ ఎలనార్ మూడు వారాల పసిగుడ్డు. చిన్నవాడు చార్లెస్ వేరింగ్ 1858 జూన్ 28న స్కార్లెట్ జ్వరంతో పోయాడు. మూడు రోజుల తర్వాత, జూలై 1న, పరిణామ సిద్ధాంతం మీద డార్విన్ రచననూ, విడిగా అదే ఆలోచనకు వచ్చిన వాలెస్ రచననూ లిన్నేయన్ సొసైటీలో మొదటిసారి చదివినప్పుడు డార్విన్ అక్కడ లేడు. ఇంట్లో చావు.

అన్నిటికంటే లోతైన గాయం ఆనీది. పదేళ్ళ పిల్ల, అందరి ముద్దులమూట. 1851 వసంతంలో జబ్బు ముదిరితే డార్విన్ ఆమెను వైద్యం కోసం మాల్వెర్న్ అనే ఊరికి తీసుకెళ్ళాడు. ఎమ్మా నిండు గర్భిణి, కదలలేని స్థితి. రోజూ ఆయన అక్కడి నుంచి ఉత్తరం రాయడం, ఆమె ఇంట్లో తపాలా కోసం ఎదురుచూడడం. ఏప్రిల్ 23న ఆనీ కన్నుమూసిందన్న ఉత్తరం బయల్దేరింది. మూడు వారాలకు ఎమ్మా హోరస్‌ను కన్నది. ఆనీకి ఒక చిన్న రాతపెట్టె ఉండేది, అందులో ఈక కలాలు, కాగితాలు, కవర్లు. ఉత్తరాలు రాయడమంటే ఆ పిల్లకు సరదా. తల్లి ఆ పెట్టెను బతికినన్నాళ్ళూ దాచుకుంది.

మా ఇంట్లోనూ ఒక పెట్టె ఉంది. నాకంటే ముందు పుట్టిన అక్క నాలుగో ఏట పోయింది. అమ్మ ట్రంకుపెట్టె అడుగున ఆమె పట్టు పరికిణీ మడతపెట్టి ఉంటుంది. అక్క ఎందుకు పోయిందో ఇంట్లో ఎవరూ అడగలేదు. దేవుడు అంతే రాశాడన్నారు. మేనరికమే కారణమని నేను అనను, నాకా హక్కు లేదు, ఆధారమూ లేదు. కానీ ఆ ప్రశ్న మా ఇంట్లో ఒక్కసారి కూడా పెదవి దాటి బయటికి రాలేదు. అమ్మ మనసులో వచ్చిందా అని అడిగే ధైర్యం నాకు ఇప్పటికీ చాలలేదు.

డార్విన్ మనసులో వచ్చింది. కేంబ్రిడ్జి రోజుల్లో తనతో కలిసి పురుగులు ఏరిన బంధువు విలియం ఫాక్స్‌కు రాస్తూ, పిల్లలకు వంశం నుంచి జబ్బులు సంక్రమిస్తాయేమోనన్నదే తనకు పెద్ద భయమని చెప్పాడు. అలాంటి బతుకు కంటే చావే మేలేమో అనేంత దాకా వెళ్ళాడు. తన రోగమూ, తాను చేసుకున్న మేనరికమూ కలిసి పిల్లలకు శాపమయ్యాయేమోనని లోలోపల కుమిలాడు. అయితే ఆ బెంగతో ఆగిపోలేదు. ఆ ప్రశ్నను తోటలోకి తీసుకెళ్ళాడు.

1862లో వచ్చిన ఆర్కిడ్ల పుస్తకం చివరి పుట చూస్తే ఇది తెలుస్తుంది. పువ్వు తన పుప్పొడి తనకే అంటకుండా ఇన్ని ఏర్పాట్లు చేసుకుందంటే, తరతరాలుగా తనలో తానే కలవడం చెరుపు చేస్తుందన్న మాట అని తేల్చి, దగ్గరి బంధువుల మధ్య పెళ్ళి కూడా ఏదో రకంగా హాని చేస్తుందనుకోవచ్చు కదా అని ముగించాడు. అన్ని పుటలూ పూల గురించి రాసి, చివర్లో మనుషుల పెళ్ళి మాట ఎత్తాడు. మేనమామ కూతుర్ని చేసుకుని, అప్పటికే ముగ్గురు పిల్లలను మట్టికిచ్చిన తండ్రి రాసిన మాట అది.

అనుమానం వేరు, రుజువు వేరు. లినేరియా అనే మొక్కను వేరే పని కోసం రెండు మళ్ళలో పెంచాడు. ఒక మడిలో తన పుప్పొడితోనే కట్టిన గింజలు, రెండో మడిలో వేరే మొక్క పుప్పొడితో కట్టిన గింజలు. రెండో మడి మొక్కలు కంటికి కనిపించేంత ఏపుగా పెరిగాయి. ఆ తేడా చూసి ఆశ్చర్యపోయి, 11 ఏళ్ళు అదే పని మీద కూర్చున్నాడు. 57 జాతుల మొక్కలు. తేనెటీగలు రాకుండా వల కప్పేవాడు. కొన్ని పూలకు వాటి పుప్పొడే, కొన్నిటికి వేరే మొక్క పుప్పొడి తన చేత్తో అద్దేవాడు. గింజలను తడి ఇసుకలో మొలకెత్తించి, ఒకే సమయంలో మొలిచిన జతను ఒకే కుండీలో ఎదురెదురుగా నాటేవాడు. ఒకే మట్టి, ఒకే నీరు, ఒకే ఎండ. పెరిగాక అంగుళాల్లో కొలిచేవాడు. మన కాశీరత్నం తీగకు దగ్గరి చుట్టమైన ఐపోమియాను పది తరాల పాటు ఇలా పెంచాడు. పరపరాగంతో పుట్టిన తీగల సగటు ఎత్తు 100 అనుకుంటే, ఆత్మపరాగంతో పుట్టినవి 77.

అందులో ఒక విశేషం జరిగింది. ఆరో తరంలో ఆత్మపరాగంతో పుట్టిన ఒక తీగ తన జతను అర అంగుళం దాటేసింది. అది డార్విన్ సిద్ధాంతానికి అడ్డం. ఆయన దాన్ని పక్కన పడేయలేదు. దానికి ‘హీరో’ అని పేరు పెట్టి, దాని సంతానాన్ని కూడా పెంచి, కొలిచి, పుస్తకంలో రాశాడు. తన లెక్కకు లొంగని మొక్కకు అంత గౌరవం ఇచ్చిన మనిషి మీద నాకు నమ్మకం కుదిరింది.

మనుషుల సంగతి కుండీల్లో తేలేది కాదు. 1871 జనాభా లెక్కల్లో, ఇంట్లో భార్యాభర్తలు అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ బిడ్డలా అన్న ప్రశ్న చేర్చమని 1870లో తన పొరుగువాడూ, పార్లమెంటు సభ్యుడూ అయిన జాన్ లబ్బక్‌ను అడిగాడు. లబ్బక్ సభలో ప్రతిపాదించాడు. సభ తోసిపుచ్చింది. కుటుంబాల గుట్టు తవ్వడం తగదన్నారు.

అప్పుడు రెండో కొడుకు జార్జి ఆ పని భుజాన వేసుకున్నాడు. ఆలోచిస్తే గుండె బరువెక్కుతుంది: మేనరికపు బిడ్డ, మేనరికపు బిడ్డల లెక్క తీయడానికి పూనుకున్నాడు. పత్రికల్లో పెళ్ళి ప్రకటనలు లెక్కపెట్టాడు, పిచ్చాసుపత్రుల పెద్దలకు ఉత్తరాలు రాశాడు. 1875లో అచ్చయిన అతని వ్యాసం, హాని ఉన్నా అది చాలా కొద్దిగానే కనిపిస్తోందని తేల్చింది. మరుసటి ఏడు ఈ మొక్కల పరీక్షల మీద వెలువరించిన పుస్తకంలో డార్విన్ ఆ మాటను ఉన్నదున్నట్టు రాశాడు. పూల విషయంలో తాను తేల్చినదాన్ని మనుషుల మీద బలవంతంగా రుద్దలేదు.

ఆ పుస్తకం 1876 నవంబరులో వచ్చింది. దానికి రెండు నెలల ముందు, సెప్టెంబరులో, మూడో కొడుకు ఫ్రాన్సిస్ భార్య ఆమీ మగబిడ్డను కని నాలుగు రోజులకే పోయింది. ఫ్రాన్సిస్ ఆ పసివాడితో తండ్రి ఇంటికి చేరాడు. 67 ఏళ్ళ డార్విన్, 68 ఏళ్ళ ఎమ్మా మళ్ళీ ఇంట్లో ఊయల వేశారు. ఆ పసివాడు బెర్నార్డ్ అక్కడే పెరిగాడు. ఫ్రాన్సిస్ తండ్రి పక్కనే కూర్చుని మొక్కల కదలికల మీద పనిచేశాడు, 1880లో వచ్చిన ఆ పుస్తకం మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి.

హుకర్ రాసిన ఒక ఉత్తరం కూడా నన్ను వదలదు. 1863 సెప్టెంబరు 28న ఆయన ఆరేళ్ళ కూతురు మిన్నీ పోయింది. బిడ్డ పోయిన గంటకే ఆయన కాగితం తీసుకుని డార్విన్‌కు రాశాడు. ఈ దుఃఖంలో మరే స్నేహితుడికంటే నువ్వే నాకు ఎక్కువగా గుర్తొస్తున్నావని. ఆనీ పోయి అప్పటికి పన్నెండేళ్ళు. ఆ దుఃఖం ఎరిగినవాడు ఎవరో హుకర్‌కు తెలుసు. అంతకు ముందూ ఆ తర్వాతా వాళ్ళ ఉత్తరాల నిండా ఆర్కిడ్లు, ప్రిమ్‌రోజ్‌లు, గింజలు. మధ్యలో ఈ ఒక్క ఉత్తరం. ఇరవై ఏళ్ళ పాటు పుప్పొడి గురించి మాట్లాడుకున్నవాళ్ళే ఆ గంటలో ఒకరికొకరు రాసుకోగలరు.

మొదట్లో చెప్పిన తపాలా బిళ్ళల పిల్లవాడి కథ ఇంకా ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. లెనార్డ్ బతికాడు, సైన్యంలో మేజరయ్యాడు, 93 ఏళ్ళు జీవించి 1943లో పోయాడు. 1911 నుంచి 1928 వరకు బ్రిటన్‌లో యూజెనిక్స్ సంఘానికి అధ్యక్షుడు అతడే. ఎవరు పిల్లలను కనాలో, ఎవరు కనకూడదో సమాజం నిర్ణయించాలన్న ఉద్యమం అది. ఆ ఆలోచన ఇతర దేశాల్లో ఎంత ఘోరానికి దారి తీసిందో లోకమెరుగును. తండ్రి తన పిల్లల గురించి, తన పెళ్ళి గురించి, కన్నీళ్ళతో అడిగిన ప్రశ్న అది. కొడుకు దాన్ని పరాయివాళ్ళ మీద తీర్పుగా మార్చాడు. వంశం గురించి ఎవరైనా మాట్లాడినప్పుడు, అడుగుతున్నది తన గురించా, ఎదుటివాడి గురించా అని చూడడం నాకు ఇది చదివినప్పటి నుంచే అలవాటైంది.

దగ్గరి పెళ్ళిళ్ళ హాని వెనక డార్విన్‌కు తెలియని కారణం ఇప్పుడు మనకు తెలుసు. ప్రతి మనిషిలోనూ నిద్రపోతున్న లోపపు జన్యువులు కొన్ని ఉంటాయి. ఒక్క వైపు నుంచే వస్తే అవి మేల్కోవు. ఇద్దరూ ఒకే తాతాబామ్మల సంతానమైతే, రెండు వైపుల నుంచీ అదే లోపం వచ్చి బిడ్డలో కలిసే అవకాశం పెరుగుతుంది. మామూలు దంపతుల బిడ్డల్లో నూటికి ఇద్దరు ముగ్గురికి పుట్టుకతో ఏదో ఒక లోపం ఉంటే, మేనమామ, మేనత్త బిడ్డల పెళ్ళిళ్ళలో దానికి మరో రెండు మూడు కలుస్తాయి. అక్క కూతుర్ని చేసుకునే పెళ్ళిలో రక్తం ఇంకా దగ్గర, ముప్పు ఇంకా ఎక్కువ. జార్జి చెప్పినట్టు చాలామంది పిల్లలు ఆరోగ్యంగానే పుడతారు. డార్విన్ కొడుకుల్లో జార్జి, ఫ్రాన్సిస్, హోరస్ ముగ్గురూ రాయల్ సొసైటీ సభ్యులయ్యారు. కానీ ఆ కొద్దిమందిలో ఒకరు మన ఇంట్లో పుడితే, ఆ తల్లికి లెక్కలు ఓదార్పు కావు. మన వావివరసలు పెదనాన్న కూతుర్ని చెల్లెలన్నాయి, మేనమామ కూతుర్ని మరదలన్నాయి. రక్తానికి ఆ వరసలు తెలియవు, రెండు చోట్లా పాలు ఒకటే.

మన ఊళ్ళలో మేనరికాలు ఇంకా జరుగుతున్నాయి. వాటిని తిట్టడానికి నేనీ మాటలు రాయలేదు, నేనూ ఆ చెట్టు కాయనే. మా నానమ్మ ప్రేమలో కల్మషం లేదు, ఎమ్మా ప్రేమలోనూ లేదు. నా మనవి చిన్నది. మీ ఇంట్లో మేనరికం మాట వస్తే, ముహూర్తం చూసే ముందు రెండు వైపులా చిన్నతనంలో పోయిన పిల్లల పేర్లు, వినికిడి, చూపు, నెత్తురు జబ్బులున్న వాళ్ళ పేర్లు ఒక కాగితం మీద రాయండి. ఆ కాగితం పట్టుకుని పిల్లనూ పిల్లవాడినీ జన్యు సలహా ఇచ్చే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. అప్పటికే పెళ్ళయిపోయి ఉంటే, బిడ్డ కడుపులో పడకముందే వెళ్ళండి. పుట్టాక బిడ్డకు ఏదైనా అయితే తల్లిని నిందించకండి.

నా కాగితం నేను రాసుకున్నాను. మొదటి పేరు మా అక్కది.